మేడిచెట్టు, తేనెపిట్ట, గాలిమర

(రాత్రిబడిలో వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

 

ఈ రాత్రికి పలకలు పక్కన పెట్టండి. ఈ రోజు రాయడం లేదు. కథలు చెప్పుకుందాం. ఇవి కల్పించిన కథలు కావు. నిజంగా జరిగినవి. చాలా దూరాన, ఆఫ్రికాలో జరిగినవి.

ఆఫ్రికా కథలు మనకెందుకు అంటారా? చెప్తాను.

పోయిన వారం మన రాత్రిబడిలో ఒక అక్క నన్ను ఒక మాట అడిగింది. "టీచరమ్మా, సంక్రాంతి పోయింది. ఇంక పది రోజుల్లో మిరపకోతలకు పోవాలి. పిల్లను ఏం చెయ్యాలి? తీసుకుపోతే బడి పోతుంది. వదిలిపోతే నా ప్రాణమంతా ఇక్కడే ఉంటుంది. నువ్వు చదువుకున్నదానివి గదా, నువ్వే చెప్పు" అని.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానక్కా అన్నాను. రేపు కూడా చెప్పలేకపోయాను. ఇంటికి పోయి ఆలోచిస్తుంటే, నేను చదివిన కొన్ని కథలు గుర్తుకు వచ్చాయి. అందుకే ఈ రోజు చెప్తున్నాను. కథలు అయిపోయాక మళ్లీ అక్క అడిగిన మాట దగ్గరికే వస్తాను. మరిచిపోను.

ముందే ఒక మాట. నేను ఆఫ్రికా పోలేదు. జిల్లా దాటి పోయింది కూడా తక్కువే. ఇవన్నీ పుస్తకాల్లో చదివినవి. చదువు వల్ల లాభం ఏమిటని మీరు అప్పుడప్పుడు అడుగుతారు కదా. ఇదీ ఒక లాభమే. ఉన్నచోటే కూర్చుని ఊళ్లు చూడవచ్చు.

ఆఫ్రికా అంటే

ఆఫ్రికా ఒక దేశం కాదు. అది ఒక ఖండం. అందులో 54 దేశాలున్నాయి. వందల భాషలున్నాయి. ఆఫ్రికా అనగానే టీవీలో మనకు సింహాన్ని చూపిస్తారు, ఏనుగును చూపిస్తారు. మనుషుల్ని చూపించేది తక్కువ. కానీ అక్కడా మనలాంటి పల్లెలే ఉన్నాయి. మనలాంటి రైతులే ఉన్నారు.

అక్కడ చాలా పల్లెల చుట్టూ చిట్టడవి ఉంటుంది. గడ్డి, పొదలు, ముళ్లచెట్లు. మన తుమ్మచెట్టు జాతి చెట్లు అక్కడ ఎన్నో. ఇంగ్లీషులో దాన్ని 'బుష్' అంటారు. అక్కడ పుట్టిన పిల్లలు నడక రాగానే పనిలో పడతారు. మేకలు కాస్తారు. నీళ్లు మోస్తారు. కట్టెలు తెస్తారు. మొక్కజొన్న చేలో కోతులు పడకుండా కాపలా ఉంటారు. ఇవన్నీ మనకు తెలిసిన పనులే కదా!

వాళ్ల తిండి ఏమిటో తెలుసా? తూర్పు ఆఫ్రికాలో, ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో చాలా చోట్ల మొక్కజొన్న పిండిని నీళ్లలో ఉడికించి గట్టిగా తిప్పుతారు. ముద్ద చేసి కూరతో తింటారు. మన సంగటి లాంటిదే. మలావి దేశంలో దాన్ని 'న్సిమా' అంటారు. పేరు వేరు. ముద్ద ఒకటే.

దారి చూపే పిట్ట

మొదట ఒక పిట్ట కథ.

మొజాంబిక్ అనే దేశం ఉంది. ఆఫ్రికాకు తూర్పు తీరంలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఆ దేశం ఉత్తరాన నియాసా అనే పెద్ద అడవి ఉంది. అక్కడ యావో అనే జాతి వాళ్లు ఉంటారు. వాళ్లు అడవిలో తేనె తీస్తారు. మన నల్లమలలో చెంచులు తీసినట్టే.

తేనెపట్టు ఎక్కడుందో వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఒక పిట్ట చూపిస్తుంది!

నవ్వకండి, నిజమే. ఆ పిట్ట మన గోరింక కన్నా కొంచెం చిన్నగా ఉంటుంది. మట్టి రంగు. చూడటానికి ఏ గొప్పా లేదు. కానీ తేనెపట్లు ఎక్కడున్నాయో దానికి తెలుసు. దానికి మైనం అంటే ఇష్టం. తేనెటీగ పిల్లలన్నా ఇష్టమే. కానీ అది పట్టు మీదికి పోతే ఈగలు కుడతాయి. చెట్టు తొర్రను అది పగలగొట్టలేదు. మనిషి అయితే పొగ పెట్టగలడు. గొడ్డలితో తొర్ర కొట్టగలడు. మనిషికి తేనె కావాలి. పిట్టకు మైనం కావాలి. ఇద్దరూ కలిస్తే ఇద్దరికీ పని జరుగుతుంది.

యావో వాళ్లు అడవిలో నడుస్తూ ఒక పిలుపు పిలుస్తారు. 'బ్ర్‌ర్‌ర్... హ్మ్' అని. ఆ పిలుపు వింటే పిట్ట వస్తుంది. కిచకిచలాడుతూ ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి పోతుంది. మనుషులు దాని వెంట పోతారు. పట్టు దగ్గరికి పోయాక పిట్ట ఆగిపోతుంది. వాళ్లు తేనె తీసుకుని మైనం దానికి వదిలిపెడతారు.

ఇది ఉత్త నమ్మకమా, నిజమేనా అని కొందరు శాస్త్రవేత్తలు పరీక్ష చేశారు. 2016లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. ఊరికే వేరే ఏదో శబ్దం చేస్తూ నడిస్తే, పిట్ట తేనెపట్టు చూపించింది 100 సార్లలో 17 సార్లే. సరైన పిలుపు పిలిస్తే 54 సార్లు చూపించింది. అంటే మూడు రెట్లు ఎక్కువ!

ఆ పిలుపు ఎక్కడ నేర్చుకున్నారు అని యావో వాళ్లను అడిగితే ఏమన్నారో తెలుసా? మా నాన్నల దగ్గర నేర్చుకున్నాం అన్నారు. ఏ పుస్తకంలోనూ కాదు. నాన్న కొడుకుకు చెప్పాడు. కొడుకు తన కొడుకుకు చెప్పాడు.

ఈ కథ ముందు ఎందుకు చెప్పానంటే, మీలో కొందరు "మేం చదువు లేనోళ్లం, మాకేం తెలుసమ్మా" అంటుంటారు. ఆ మాట అనవద్దు. ఏ మబ్బుకు వాన పడుతుందో మీకు తెలుసు. ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో తెలుసు. అదంతా చదువే. అక్షరం మీ దగ్గరికి ఆలస్యంగా వచ్చింది, అంతే. తెలివి ముందే ఉంది.

కానీ ఒక చిక్కు ఉంది. నోటితో నేర్చుకున్నది నోటితోనే పోతుంది. చెప్పేవాళ్లు పోతే విద్య కూడా పోతుంది. రాసి పెట్టుకుంటే మిగులుతుంది. అందుకే రెండూ కావాలి. రెండూ ఉంటే ఏం జరుగుతుందో వంగారి కథలో చూద్దాం.

వంగారి, మేడిచెట్టు

కెన్యా అనే దేశం. మధ్యలో కొండల ప్రాంతం. అక్కడ న్యేరి దగ్గర ఇహితే అనే చిన్న పల్లె. 1940లో ఆ పల్లెలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు వంగారి. అప్పుడు కెన్యాను ఇంగ్లీషువాళ్లు ఏలుతున్నారు. మనల్ని ఏలినవాళ్లే.

వాళ్ల కికుయు భాషలో వంగారి అంటే చిరుతపులికి చెందినది అని అర్థం. ఆ కొండల్లో చిరుతలు తిరిగేవి. పిల్ల ఒంటరిగా కట్టెలకు, నీళ్లకు పోయేది. చిరుత ఎదురైతే భయపడవద్దని వాళ్లమ్మ చెప్పేది. నువ్వూ చిరుతవే, అదీ చిరుతే, మనకు మనకు తగవేమిటని దానితో చెప్పు అనేదట. ఆ మాట పట్టుకుని పిల్ల ధైర్యంగా అడవిలో తిరిగేది.

వాళ్ల ఇంటి దగ్గర ఒక పెద్ద చెట్టు ఉండేది. మన మేడి, మర్రి, రావి జాతి చెట్టు. దాని కట్టె తేవద్దు అని అమ్మ చెప్పింది. ఎందుకమ్మా అంటే, అది దేవుడి చెట్టు అన్నది. ఆ చెట్టు దగ్గర్లోనే ఒక ఊట పుట్టేది. నీళ్లు అద్దంలా ఉండేవి. వంగారి ఆ నీళ్లు తాగేది. నీటిలో కప్ప గుడ్లు పూసల్లా మెరిసేవి. వాటిని దండ చేసుకుని మెడలో వేసుకోవాలని చూసేది. పట్టుకుంటే చిట్లిపోయేవి. కొన్నాళ్లకు గుడ్లు పోయి తోక పిల్లలు ఈదేవి. తర్వాత అవీ కనబడేవి కావు. కప్పలు గెంతేవి. గుడ్డే కప్ప అయిందని అప్పుడామెకు తెలియదు.

ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లల్ని బడికి పంపడం తక్కువ. వంగారి అన్న బడికి పోయేవాడు. ఒకరోజు అన్న అమ్మను అడిగాడు. మేమందరం బడికి పోతుంటే వంగారి ఎందుకు పోవడం లేదు అని. అమ్మ ఆలోచించింది. నిజమే, ఎందుకు పోకూడదు అన్నది. అంతే! అప్పటికి వంగారికి 8 ఏళ్లు.

బడికి పోయే దారిలో ఒక బంధువుల పిల్లవాడు ఆమెకు పెన్సిలుతో ఏదో రాసి చూపించాడట. తర్వాత రబ్బరుతో చెరిపేశాడు. రాసింది మాయమైపోయింది! అది చూసి ఆ పిల్ల నోరు తెరిచింది. నేనూ రాయాలి, నేనూ చెరపాలి అనుకుంది. మీరు మొదటిసారి పలక మీద మీ పేరు రాసుకున్న రోజు గుర్తుందా? ఒక పెద్దమ్మ తన పేరు తానే చెరపలేక, పలకను అట్లాగే ఇంటికి తీసుకుపోయింది. నాకు బాగా గుర్తు.

వంగారి బాగా చదివింది. 1960లో పై చదువుకు అమెరికా పోయింది. తిరిగి వచ్చి నైరోబి విశ్వవిద్యాలయంలో 1971లో డాక్టరేటు తీసుకుంది. ఆ ప్రాంతం దేశాల్లో అంత చదువు చదివిన మొదటి ఆడమనిషి ఆమె.

చదువుకుని ఊరికి వచ్చి చూస్తే ఏముంది? దేవుడి చెట్టు లేదు. ఆ భూమి చేతులు మారింది. కొత్త యజమాని టీ తోట కోసం చెట్టు కొట్టించాడు. చెట్టు పోయాక ఊట కూడా ఎండిపోయింది. కప్పలు లేవు, పూసలు లేవు.

అప్పుడు ఆమెకు అమ్మ మాట అర్థమైంది. ఆ చెట్టు వేళ్లు లోతుకు పోతాయి. రాళ్ల సందుల్లోకి దిగుతాయి. భూమిలో నీరు పైకి రావడానికి దారి ఇస్తాయి. కొండ మట్టి జారిపోకుండా పట్టుకుంటాయి. చెట్టు పోతే నీరు పోతుంది. ఇది ఆమె చదివిన శాస్త్రం చెప్పింది. దేవుడి చెట్టు, కొట్టవద్దు అని పెద్దవాళ్లు చెప్పిందీ అదే. పెద్దవాళ్లకు కారణం రాయడం రాలేదు. కానీ పని తెలుసు.

తర్వాత పల్లె ఆడవాళ్లు ఆమెతో కష్టాలు చెప్పుకున్నారు. కట్టెలు దొరకడం లేదన్నారు. నీళ్లకు చాలా దూరం పోవాల్సి వస్తోందన్నారు. పిల్లలకు మంచి తిండి లేదన్నారు. అయితే చెట్లు నాటుదాం అన్నది వంగారి. 1977 జూన్ 5న ఏడు మొక్కలతో పని మొదలైంది. దానికి గ్రీన్ బెల్టు ఉద్యమం అని పేరు. పచ్చని పట్టీ అని అర్థం.

చదువు లేని ఆడవాళ్లకు మొక్కలు పెంచడం రాదు, దానికి డిప్లొమా కావాలి అని కొందరు అధికారులు అన్నారు. ఆడవాళ్లు లెక్క చెయ్యలేదు. జొన్న విత్తనం, చిక్కుడు విత్తనం నాటేది మేమే కదా, చెట్టు విత్తనం నాటలేమా అనుకున్నారు. అడవిలో విత్తనాలు ఏరారు. పగిలిన కుండల్లో నారు పోశారు. బతికిన ప్రతి మొక్కకూ వాళ్లకు కొంచెం డబ్బు వచ్చేది. నాటినందుకు కాదు, బతికినందుకు! అందుకే నీళ్లు పోసి, మేకల నుంచి కాపాడి పెంచారు.

ఇదంతా సులభంగా జరగలేదు. ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు వంగారి దెబ్బలు తిన్నది. జైలుకు పోయింది. 1989లో నైరోబిలో ఒక పెద్ద పార్కులో 60 అంతస్తుల భవనం కడతామంటే వద్దని పోరాడింది. చివరకు ఆ భవనం ఆగిపోయింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆఫ్రికా ఆడవాళ్లలో ఆ బహుమతి ఆమెకే మొదట వచ్చింది. అప్పటికి వాళ్లు నాటిన చెట్లు దాదాపు 3 కోట్లు. 2011లో ఆమె చనిపోయింది. చెట్లు ఉన్నాయి. నాటే పని ఇంకా జరుగుతోంది.

ఆ రోజు అన్న ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే? అమ్మ సరే అనకపోతే? ఆలోచించండి.

విలియం, గాలిమర

ఇప్పుడు మూడో కథ. ఇది కరువు కథ. మనకు బాగా తెలిసిన కథ.

మలావి అనే చిన్న దేశం. అందులో కసుంగు జిల్లా. అక్కడొక పల్లెలో విలియం కమ్‌క్వాంబ అనే పిల్లవాడు పెరిగాడు. 1987లో పుట్టాడు. ఆరుగురు ఆడపిల్లల మధ్య ఒక్కడే మగపిల్లవాడు. నాన్న రైతు. మొక్కజొన్న, పొగాకు వేసేవాడు. విలియం చిన్నప్పుడు కుక్కను వెంటబెట్టుకుని చిట్టడవిలో పిట్టల వేటకు పోయేవాడు. పాడైపోయిన రేడియోలు విప్పి బాగు చేసేవాడు.

మలావిలో వానలు మన కార్తీకం నాటికి మొదలవుతాయి. పంట ఏప్రిల్, మే నెలల్లో చేతికి వస్తుంది. పాత గింజలు అయిపోయి కొత్త గింజలు రాని నెలలు వాళ్లకు ఆకలి నెలలు.

2001లో ఏమైంది? ముందు వరదలు. తర్వాత వాన ముఖం చాటేసింది. మొక్కజొన్న ఎండిపోయింది. ఆపద కోసం దాచిన ధాన్యాన్ని అంతకు ముందే అమ్మేశారు. బజారులో ధర ఆకాశానికి పోయింది. జనం తవుడు తిన్నారు. దుంపలు తవ్వుకుని తిన్నారు. విలియం ఇంట్లో రోజుకు ఒక్క పూటే తిండి. అది కూడా రాత్రిపూట, మనిషికి కొన్ని ముద్దలు. ఎంతోమంది చనిపోయారు. విలియం కుక్క కూడా ఆ కరువులో పోయింది. దానికి పెట్టడానికి ఏమీ లేదు.

అప్పుడే విలియం హైస్కూలులో చేరాడు. అక్కడ ఏడాదికి ఫీజు 80 డాలర్లు. తిండికే లేని ఇంట్లో ఫీజు ఎక్కడిది? బడి మాన్పించారు. నాన్న తప్పు లేదు. అమ్మ తప్పు లేదు. పిల్లవాడు ఇంట్లో కూర్చుని ఏడ్చాడు.

ఏడ్చి ఊరుకోలేదు. ఆ ఊరి దగ్గర ప్రాథమిక పాఠశాలలో ఒక చిన్న లైబ్రరీ ఉంది. దానం వచ్చిన పుస్తకాలు అవి. మూడు బీరువాలంత కూడా ఉన్నాయో లేవో అనుకునేంత చిన్న లైబ్రరీ. విలియం అక్కడికి పోవడం మొదలుపెట్టాడు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అతనికి ఇంగ్లీషు సరిగా రాదు. ఏం చేశాడు? ముందు బొమ్మ చూసేవాడు. బొమ్మ కింద ఉన్న మాట చూసేవాడు. అర్థం కాకపోతే లైబ్రరీ టీచరును అడిగేవాడు. ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివాడు. మీరు ఇప్పుడు చదువుతున్నట్టే!

ఒకరోజు ఒక పుస్తకం అట్ట మీద గాలిమరల బొమ్మ చూశాడు. గాలితో కరెంటు పుడుతుంది, నీళ్లు తోడవచ్చు అని అందులో ఉంది. గాలి! వాళ్ల ఊళ్లో గాలికి కరువు లేదు. వాన రాకపోయినా గాలి వస్తుంది. గాలికి బిల్లు లేదు.

విలియం పాత ఇనుప సామాను ఏరడం మొదలుపెట్టాడు. పాత ట్రాక్టరు ఫ్యాను దొరికింది. ఒక షాకబ్జార్బరు దొరికింది. నాన్న పాత సైకిలు తీసుకున్నాడు. ప్లాస్టిక్ పైపును మంట మీద కాచి, మెత్తబడ్డాక నొక్కి రెక్కలు చేశాడు. సైకిలు దీపానికి పెట్టే డైనమో కావాలి. అతని స్నేహితుడు డబ్బు పెట్టి కొనిచ్చాడు. నీలగిరి కర్రలతో 5 మీటర్ల మంచె కట్టారు.

అది ఎలా పని చేస్తుందో చూడండి. గాలి రెక్కల్ని తిప్పుతుంది. రెక్కలు సైకిలు చక్రాన్ని తిప్పుతాయి. చక్రం డైనమోను తిప్పుతుంది. డైనమో తిరిగితే కరెంటు పుడుతుంది. మన పాత సైకిళ్లలో తొక్కితే దీపం వెలిగేది చూశారా? అదే సంగతి. అక్కడ తొక్కేది కాలు. ఇక్కడ తొక్కేది గాలి.

ఊళ్లోవాళ్లు నవ్వారు. పిచ్చివాడన్నారు. గంజాయి తాగుతున్నాడన్నారు. చెత్త ఏరుకుంటున్నాడని అమ్మ కూడా దిగులు పడింది. 2002లో ఒకరోజు అందరూ చూస్తుండగా మంచె ఎక్కి చక్రానికి వేసిన కట్టు విప్పాడు. గాలి వీచింది. చక్రం తిరిగింది. చేతిలో చిన్న బల్బు వెలిగింది. అప్పటికి అతనికి 14, 15 ఏళ్లు.

తర్వాత ఇంట్లో నాలుగు బల్బులు వెలిగాయి. రేడియో పాడింది. చుట్టుపక్కల వాళ్లు ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి వచ్చారు. నవ్వినవాళ్లూ వచ్చారు. 2006లో పేపరులో ఈ సంగతి పడింది. 2007లో టాంజానియాలో ఒక పెద్ద సభకు పిలిచారు. అక్కడి మనుషులు సాయం చేస్తే మళ్లీ బడికి పోయాడు. 2014లో అమెరికాలో డిగ్రీ పూర్తి చేశాడు. తన ఊరికి సూర్యుడి ఎండతో నడిచే నీళ్ల పంపు పెట్టించాడు.

ఇక్కడ ఆగుదాం

ఈ కథ చాలామంది చెప్తారు. చెప్పి, "చూశారా, పట్టుదల ఉంటే ఏమైనా సాధించవచ్చు" అంటారు. నేను అట్లా చెప్పను. నిజం మొత్తం చెప్పాలి కదా.

మొదటి నిజం. గాలిమర కరువును ఆపలేదు. బల్బు వెలిగేసరికి ఆకలి నెలలు దాటిపోయాయి. కడుపు నింపింది ఆ తర్వాత వచ్చిన పంట. చదువు ఆ రోజు ఆకలిని ఆ రోజు తీర్చదు. ఈ మాట మీకు నేను చెప్పనక్కర లేదు. మీకే బాగా తెలుసు.

రెండో నిజం. బడి మానినా విలియం పైకి వచ్చాడు కదా అని, మన పిల్లలు మానినా ఫరవాలేదు అనుకోవద్దు. ఆ కరువులో బడి మానిన పిల్లలు ఎంతమందో. అందరి గురించీ పుస్తకాలు రాయలేదు. విలియంకు మళ్లీ బడి దొరకడానికి ఐదేళ్లు పట్టింది.

మూడో నిజం. అతను ఒక్కడే చెయ్యలేదు. ఊరి దగ్గర లైబ్రరీ ఉంది. తలుపు తీసి పెట్టే టీచరు ఉంది. డైనమో కొనిచ్చిన స్నేహితుడు ఉన్నాడు. సైకిలు ఇచ్చిన నాన్న ఉన్నాడు. అన్నిటికన్నా ముందు, అతనికి అప్పటికే అక్షరాలు వచ్చు. ప్రాథమిక పాఠశాల పూర్తి చేశాడు. ఆ అక్షరాలే లేకపోతే? ఆ పుస్తకం చేతికి వచ్చినా బొమ్మ చూసి మళ్లీ బీరువాలో పెట్టేవాడు.

మన అక్క అడిగిన మాట

ఇప్పుడు అక్క మాట దగ్గరికి వస్తాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతకు ముందు మీకు చెప్పలేదు. నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మానాన్న నన్ను కోతలకు తీసుకుపోయారు. మూడు నెలలు కల్లం దగ్గర తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్నాను. చేతులకు కారం అంటి, కళ్లు నులుముకుని ఏడ్చేదాన్ని. తిరిగి వచ్చేసరికి బడిలో భాగహారాలు చెప్పడం అయిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. బడి మానేద్దామనుకున్నాను.

మరుసటి ఏడాది బండి ఎక్కే రోజున మా నాయనమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. "పిల్ల నా దగ్గర ఉంటుంది. మీరు పోయి రండి" అన్నది. ఆమెకు వేలిముద్రే. ఒక్క అక్షరం రాదు. వంగారి అన్న అడిగిన ప్రశ్న లాంటిదే ఆమె మాట. ఆ మాట వల్లే నేను పది పాసయ్యాను, టీచరు ట్రైనింగు చేశాను, ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

అందుకే కోతలకు పోవద్దు అని నేను చెప్పను. పోకపోతే పొయ్యి వెలగదని నాకు తెలుసు. కానీ పోయే ముందు ఈ నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర ఉంచండి. ఇంట్లో ఎవరూ లేకపోతే చెప్పండి. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఒక ఇంట్లో ఉంచుదాం. రోజూ సాయంత్రం నేను పోయి చూస్తాను. ఇది నా మాట.

రెండు. వలస పోయేవాళ్ల పిల్లల కోసం కొన్ని చోట్ల సీజను హాస్టళ్లు పెడతారు. మనకు కావాలని అందరం కలిసి అర్జీ రాద్దాం. ఈసారి అర్జీ నేను రాయను. మీరే రాయాలి. వేలిముద్రలు కాదు, సంతకాలు పెట్టాలి.

మూడు. తీసుకుపోక తప్పదంటే, పోయిన ఊళ్లో బడిలో చేర్చండి. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. టి.సి. ఇంకా రాలేదని వద్దనకూడదు. ఈ మాట అడిగి చెప్పగలిగితే చాలు, సగం పని అవుతుంది.

నాలుగు. ఇది మీ కోసం. మూటలో ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు పెట్టుకోండి. ఏ రోజు ఎంతమంది పనికి పోయారు, ఎన్ని కిలోలు కోశారు, ఎంత కూలి ఇచ్చారు, ఎంత బాకీ ఉంది, మీరే రాసుకోండి. రోజూ రాస్తే అక్షరం మరిచిపోరు. లెక్క కూడా తప్పదు. పోయిన ఏడు మేస్త్రీ చెప్పిన లెక్కకూ మన లెక్కకూ పొంతన లేదని ఎంతమంది బాధ పడ్డారు! నోటి లెక్క గాలికి పోయింది. ఈసారి కాగితం చూపించండి.

మాట్లాడుకుందాం

నా మాట అయిపోయింది. ఇప్పుడు మీ వంతు. రేపు రాత్రి ఈ మూడు ప్రశ్నల మీద మాట్లాడుకుందాం.

మీ అమ్మ, నాన్న నోటితో నేర్పిన విద్య ఏదైనా ఉందా? అది మీ పిల్లలకు చెప్పారా?

మన ఊళ్లో ముందు ఉండి ఇప్పుడు లేని చెట్టు ఏది? అది పోయాక ఏం మారింది?

మన ఊళ్లో కోతలకు పోయే ఇళ్లు ఎన్ని? అందులో బడికి పోయే పిల్లలు ఎంతమంది? ఈ లెక్క మీరే ఇంటింటికీ పోయి రాసుకురండి.

అక్కా, నీ ప్రశ్నకు ఇదీ నా జవాబు. పూర్తి జవాబు కాదు. మిగతా సగం మనమందరం కలిసి చెప్పాలి. బండి ఎక్కడానికి ఇంకా మూడు రోజులే ఉంది. రేపు రాత్రి అందరూ రండి. పలకలు, పెన్సిళ్లు తెచ్చుకోండి. అర్జీ రాద్దాం.

సెలవు.